కట్టెకందని దూరం

బాలనర్సమ్మ మొగుణ్ని కొడుతోందన్న మాట గుండ్లగూడెంలో ఇంటింటికీ చేరింది. మాట చేరడమేమిటి, చప్పుడే చేరింది. పొద్దున్నే గొర్ల దొడ్డిలోంచి కట్టె దెబ్బ, ఆ వెనకే కురుమయ్య బూతు, ఆ వెనకే మళ్ళీ దెబ్బ. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు బిందెలు చంకన పెట్టుకుని ఆగి మరీ వినేవారు. "కలికాలం" అని బుగ్గలు నొక్కుకునేవారు. ఇన్నేళ్ళూ అదే దొడ్డిలోంచి బాలనర్సమ్మ ఏడుపు వినబడినప్పుడు మాత్రం అది ఏ కాలమో ఒక్కరికీ గుర్తు రాలేదు.

అవును, కురుమయ్య పెళ్ళాన్ని కొట్టేవాడు. జొన్న గటకలో ఉప్పు తక్కువైతే కొట్టేవాడు, గొర్రె తప్పిపోతే కొట్టేవాడు, మర్రిగూడ సంతలో బేరం కుదరకపోతే ఇంటికొచ్చి కొట్టేవాడు. మనిషి మాత్రం మంచి కాపరి. గొంగడి భుజాన వేసుకుని పెద్దగుట్ట ఎక్కితే తోడేలు కూడా పక్కకు తప్పుకునేదని చెప్పుకునేవారు. ఎక్కువగా చెప్పుకున్నది కురుమయ్యే అనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి మనిషికి ఆ ఏడు వానాకాలంలో, మందకు నీళ్ళు పెడుతూ పెడుతూ, కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. మూతి వంకర పోయింది. మాట పోయింది. మొత్తం పోయినా బాగుండేది, బూతులు మిగిలాయి. నీళ్ళు కావాలని అడగలేడు, ఆకలని చెప్పలేడు, పెళ్ళాం పేరు పలకలేడు. "దొంగముండ" అన్న మాట మాత్రం ఖంగున వచ్చేది. నీళ్ళు కావాలన్నా అదే మాట, దుప్పటి కప్పమన్నా అదే మాట. ఏది దేనికో బాలనర్సమ్మ గొంతును బట్టి పోల్చుకునేది.

వైద్యం మల్లన్న చేశాడు. మల్లన్న కురుమయ్యకు పెదనాయన, కురుమలకు కులపెద్ద. ఆయనకు తెలిసిన వైద్యం గొర్ల వైద్యమే. కాలు పడిన గొర్రెకు ఏం చేస్తారు, చురకలు పెడతారు. కొడవలిని పొయ్యిలో ఎర్రగా కాల్చి తెచ్చి, కురుమయ్య కుడి పిక్క మీద ఆనించాడు.

"తెలుస్తున్నదా కొడుకా?"

కురుమయ్య తల అడ్డంగా ఊపాడు. తెలియలేదంటే చురక సరిగ్గా పడలేదని మల్లన్న లెక్క. ఇంకా లోతుగా పెట్టాడు. తన ఒళ్ళు కాలుతున్న కమురు వాసన తన ముక్కుకే వస్తుంటే, ఆ కాలు ఎవరిదో అన్నట్టు కురుమయ్య చూస్తూ పడుకున్నాడు. తరువాత పావురాన్ని కోసి దాని వెచ్చటి నెత్తురు కాలికీ చేతికీ రుద్దారు. కాలు రాలేదు గానీ పుండు వచ్చింది. పుండులో పురుగు పడింది. బాలనర్సమ్మ వేపాకు నీళ్ళతో కడిగి, పుల్లతో పురుగులు తీసి, అది మానేదాకా మల్లన్నను ఇంట్లో అడుగు పెట్టనివ్వలేదు.

"ఇగ దేవుడే దిక్కు. పండవెట్టి ఇంత బువ్వ వెట్టు," అని బయటినుంచే తీర్పు చెప్పి మల్లన్న వెళ్ళిపోయాడు. కురుమయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. చావు వస్తే బాగుండునని అనుకున్నాడు. చావు వచ్చింది గానీ, ఆయన కోసం రాలేదు.

లారీలు వచ్చాయి. ఆ రోజుల్లో ఆ మనుషులను ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు, లారీలనే అనేవారు. ఊరు ఆ ఏడు లేవీ ధాన్యం పెట్టమని మొండికేసింది, దొర గడిలో వెట్టికి పోవడం మానేసింది. దొర మనుషులు దారి చూపిస్తే తుపాకుల వాళ్ళు లారీలెక్కి దిగారు. ఊరి కావలి పోచయ్య డప్పు మోగించగానే ఊరు ఊరంతా పెద్దగుట్ట మీదికి పరుగు తీసింది. కొస మీది రాళ్ళలోకి వాళ్ళు వెంటపడి రారు. పైనుంచి దొర్లించే బండలకూ వడిసెల రాళ్ళకూ భయం.

ఎక్కగలిగినవాళ్ళు ఎక్కారు. పక్కింటి సుగుణమ్మ మామ సోమన్న మంచం పట్టిన ముసలాయన. కొడుకులు మంచం ఎత్తబోయారు, తుపాకి పేలింది, మంచం దించేసి ఉరికారు. వాళ్ళను తిట్టడం తేలిక. ఆ తుపాకి ముందు నిలబడి తిట్టేవాళ్ళెవరో నాకు తెలియదు.

బాలనర్సమ్మ మొగుణ్ని చంకల కింద పట్టుకుని దొడ్డి వెనక పెంటకుప్ప దాకా ఈడ్చింది. పెంట తవ్వి అందులో పడుకోబెట్టి, పక్కనే తానూ పడుకుని, మీద పెంట కప్పుకుంది. కురుమయ్య నోటి మీద ఆమె అరచెయ్యి నొక్కిపట్టి ఉంది. నోరు తెరిస్తే వచ్చేది ఒక్కటే మాట, అది ఊరవతలకు వినబడే మాట.

ఆ పెంటలోంచి వాళ్ళు సోమన్నను విన్నారు. ఇల్లు అంటుకున్నాక ముసలాయన ముందు కొడుకులను పిలిచాడు. తరువాత ఏనాడో చచ్చిపోయిన పెళ్ళాన్ని పిలిచాడు. తరువాత పేర్లు లేవు, కేక ఒక్కటే ఉంది. అది ఆగేదాకా బాలనర్సమ్మ గోళ్ళు కురుమయ్య చెంపలోకి దిగుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఆమె మొగుడి కట్టె చేతిలోకి తీసుకుంది. ఏళ్ళ తరబడి తన వీపు మీద ఆడిన కట్టే అది.

"సోమన్న మామను బొంద వెట్టెతందుకు పోయిన్రు. బొక్కలు గూడ దొరకలే," అంది. "మల్ల లారీలొస్తయ్. నిన్ను మోసెతందుకు నాకు బలం లేదు, ఇడిసిపెట్టి ఉరికెతందుకు మనసొప్పదు. నువ్వు గుట్టెక్కాలె బావ. గంతే. లెవ్వు."

కురుమయ్య లేవలేదు. కట్టె పడింది. ఎడమ తొడ మీద పడింది, బాగున్న తొడ మీద.

"పడిపోయిన కాలును గొడితే నాకేమొస్తది?" అంది బాలనర్సమ్మ.

ఈడ్చుకెళ్ళి దొడ్డిలో నిలబెట్టింది. ఒంటరిగా కాదు, మంద మధ్యన. దొడ్డి తడిక మూసేస్తే గొర్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడతాయి. అటు ఉన్ని, ఇటు ఉన్ని. మధ్యలో మనిషి పడదామన్నా పడే జాగా లేదు. ఆమె పచ్చగడ్డి విసిరితే గొర్లు అటు కదిలేవి, వాటితో కురుమయ్య కదలాల్సి వచ్చేది. కుడి కాలి వేళ్ళు నేలకు రాసుకుని గోళ్ళూడి నెత్తురు కారితే, ఉన్నితాడు పేని, పాదం ముందు భాగానికి చుట్టి, మోకాలి కింద గుంజి కట్టింది. అప్పటినుంచి వేళ్ళు కొంచెం లేచాయి.

ఒరిగితే దెబ్బ. ఏడిస్తే దెబ్బ. ఒక్కో దెబ్బకూ ఆమె దగ్గర ఒక పేరు ఉండేది.

"గిది ఉప్పు తక్కువైన నాటిది. గిది నల్లగొర్రె తప్పిపోయిన నాటిది. గిది మా నాయిన సచ్చిన్నాడు నన్ను పోనియ్యకుంట కొట్టినవ్ సూడు, గా నాటిది."

"దొంగముండ!"

"నువ్వు సస్తెనే గద బావ నేను ముండనయ్యేది. నిన్ను సావనియ్య, నేను ముండను గాను. నడువు."

ఆమె కళ్ళల్లో జాలి కోసం కురుమయ్య వెతికేవాడు. ఉంటే దాన్ని పట్టుకుని బతిమాలుకుందామని. అక్కడ జాలి కనబడేది కాదు. పాత బాకీ తీర్చుకుంటోంది ఇది, గుట్ట అనేది వంక అని నిశ్చయానికి వచ్చాడు. ఆ నిశ్చయం పూర్తిగా తప్పని నేను ప్రమాణం చేయలేను. కడుపులో అంత మంట దాచుకున్న మనిషి ఒక్క కారణంతో కట్టె పట్టుకుంటుందా? కానీ రాత్రి ఆ తొడకు ఆముదం కాచి రాసేది కూడా ఆ చేతులే.

కులం ఊరుకుంటుందా? మల్లన్న తన వాకిట్లో పంచాయితీ పెట్టాడు. కురుమయ్యను మంచం మీద మోసుకొచ్చారు. మగవాళ్ళు గొంగళ్ళు పరుచుకుని కూర్చున్నారు. బాలనర్సమ్మ కొంగు నెత్తిన కప్పుకుని ఒక పక్కన నిలబడింది, చేతిలో కట్టె మాత్రం వదల్లేదు.

"ఆడిది మొగుణ్ని కొట్టుడు మన కులంల లేదు," అన్నాడు మల్లన్న. "కట్టె కింద వెట్టు. లేకుంటె కులం బయట నిలవడతవ్. నిప్పు బెట్టం, నీళ్ళు బెట్టం."

"మరి మొగడు పెండ్లాన్ని కొట్టొచ్చునా మామా?"

మగవాళ్ళు నవ్వారు. మల్లన్న కూడా నవ్వాడు.

"మొగోడు కొడితే తప్పేందే? తాతల కాన్నుంచి ఉన్నదే గద."

"గట్లనే గానియ్యుండ్రి," అంది బాలనర్సమ్మ. మంచం దగ్గరికి నడిచి, కట్టెను కురుమయ్య ఎడమ చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "ఇగ నేను కొట్ట. ఆయననే నన్ను కొడతడు. రా బావ. లేసి కొట్టు."

అని, కట్టె అందేదానికి ఒక్క అడుగు వెనక్కి జరిగి నిలబడింది.

కురుమయ్య లోపల ఏదో భగ్గుమంది. అన్ని రోజుల దెబ్బలూ, పురుగుల పుండూ, పెంటలో పడుకున్న సిగ్గూ అన్నీ ఎడమ చేతిలోకి వచ్చాయి. కట్టె నేలకు పొడిచి, మంచం కోడును తొడతో ఒత్తి, గుర్రుగుర్రుమంటూ లేచాడు. మందలో కాకుండా తనంతట తాను లేచి నిలబడడం అదే మొదలు. కట్టె ఎత్తాడు. ఎత్తగానే ఆసరా పోయి ముందుకు బోర్లా పడ్డాడు. పన్ను విరిగింది.

"ఇంకో అడుగేస్తే అందేదాన్నే," అంది బాలనర్సమ్మ.

పంచాయితీకి అభ్యంతరం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మొగుడు పెళ్ళాన్ని కొట్టడానికి లేస్తున్నాడు, ఇంతకంటే పద్ధతి ఏముంటుంది? "కురుమయ్యకు మొగతనం మల్లొచ్చింది" అని ఊరు సంబరపడింది. బిందెల ఆడవాళ్ళు కలికాలం మాట మర్చిపోయారు.

అప్పటినుంచి అదే వైద్యం. పొద్దున లేవగానే ఆమె వాకిట్లో నిలబడి పిలిచేది. ఆయన కట్టె పొడుచుకుంటూ వచ్చేవాడు. అందేంత దగ్గరికి రాగానే ఒక్క అడుగు వెనక్కి. వాకిలి దాటి బాట, బాట దాటి పొలం గట్టు. కట్టె నేల మీద ఉంటే కురుమయ్య నడవగలడు, కొట్టలేడు. కట్టె లేపితే కొట్టగలడు, నిలవలేడు. ఆ చిక్కుముడి విప్పడమే ఆయన బతుకైపోయింది. పడుకుని కూడా అదే ఆలోచించేవాడు. మోకాలు ఎలా బిగించాలి, నడుము ఎటు వంచాలి, బరువు ఏ కాలి మీద ఉంచి కట్టె లేపాలి. దేవుణ్ని కూడా అంత నిష్ఠగా ఆయన ఎన్నడూ తలచుకోలేదు.

పడితే మాత్రం తనంతట తాను లేవలేడు. కింద కూర్చున్నా అంతే. పట్టుకోవడానికి కోడో గోడో ఉండాలి, లేదా ఆమె రావాలి. ఆమె వచ్చి, వెనకనుంచి నడుము పట్టి, "లెవ్వు, పెండమూటా" అని లేపి, మళ్ళీ దూరం జరిగి నిలబడేది.

ఒకనాడు అందింది. దొడ్డి గోడకు వీపు ఆనించుకుని, ఆమె గొర్రెపిల్లను చూస్తున్న క్షణం కనిపెట్టి కట్టె తిప్పాడు. కనుబొమ మీద పడింది. తోలు చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది. బాలనర్సమ్మ కొంగుతో ఒత్తుకుంది.

"మంచిగ తాకింది," అంది. "చెయ్యికి బలమొచ్చింది బావ."

చలికాలమంతా ఆ ఒక్క దెబ్బ కోసం బతికాడు కురుమయ్య. తీరా అది పడ్డాక గటక గొంతు దిగలేదు. ఎందుకు దిగలేదో ఆయనకు తెలియలేదు, తెలిసినా చెప్పడానికి మాట లేదు. మర్నాడు ఆమె గాయానికి పసుపు అద్దుకుని వచ్చి నిలబడింది, రోజూ నిలబడే చోటుకంటే ఇంకో అడుగు దూరాన. అక్కడినుంచి గుట్ట బాట మొదలవుతుంది.

ఎండలు ముదిరాక, పట్టపగలు లారీలు వచ్చాయి.

పోచయ్య డప్పు మోగేసరికి కురుమయ్య నీడపట్టున మంచం మీద ఉన్నాడు. బాలనర్సమ్మ పరుగున వచ్చి లేపి, కట్టె చేతికిచ్చి, పాదానికి ఉన్నితాడు బిగించి కట్టింది. ముడి జారితే మళ్ళీ వేసింది. గొంతు మాత్రం ఎప్పటిదే.

"రా బావ. ఇయ్యాల దొరుకుత. కొట్టు."

గుట్ట బాటలో ఆమె వెనక్కి వెనక్కి ఎక్కింది, మొహం ఆయనవైపు పెట్టి. ఆయన కట్టె పొడుస్తూ, మంచి కాలు ముందు వేసి, పడిపోయిన కాలును వెనక లాక్కుంటూ ఎక్కాడు. పిల్లలను చంకనేసుకుని జనం దాటిపోతున్నారు. కింద గడ్డివాములు అంటుకున్నాయి. సుగుణమ్మ రొప్పుతూ వాళ్ళను దాటుతూ బాలనర్సమ్మ చెయ్యి పట్టి గుంజింది.

"ఇడిసిపెట్టి రావే. నువ్వన్న బతుకు."

బాలనర్సమ్మ చెయ్యి విదిలించుకుంది. "అగో, ముసలోళ్ళు గూడ నిన్ను దాటిపోతున్రు," అంది మొగుడితో. "తోడేలు భయపడెనట! సిగ్గుండాలె."

"దొంగముండ!"

"గదీ. గట్ల రా."

బాటలో ఇద్దరే మిగిలారు. కింద బూట్ల చప్పుడు, అరుపులు. తుపాకి పేలింది. పక్క బండ మీద రాతి పొడి లేచింది. మళ్ళీ పేలింది. కురుమయ్య తల ఎత్తలేదు. తల ఎత్తితే పడిపోతాడు, అది ఆయనకు బాగా తెలుసు. కాలు చూసుకుంటూ ఎక్కాడు. కట్టె, మంచి కాలు, చెడ్డ కాలు. ఎప్పుడో ఆమె మాటలు ఆగిపోయాయని కొంతసేపటికి గానీ తోచలేదు.

చూస్తే ఆమె బాట పక్కన బండకు ఆనుకుని కూర్చుని ఉంది. వెక్కిరింపు అనుకున్నాడు. నేను రాలేనని తీరుబడిగా కూర్చుంది చూడు అనుకున్నాడు. ఆ కోపంతోనే మిగిలిన ఎత్తు ఎక్కాడు. దగ్గరికి వచ్చాడు. కట్టె అందేంత దగ్గరికి వచ్చాడు.

ఆమె జరగలేదు.

కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి నల్లగా, చిక్కగా కారి చీర కుచ్చిళ్ళు తడుపుతోంది. కురుమయ్య మోకాళ్ళు వాటంతట అవే వంగబోయాయి.

"కూసోకు!" అరిచింది బాలనర్సమ్మ. ఆ అరుపుతో నోట్లోంచి నెత్తురు వచ్చింది. "కూసుంటే లేవలేవు. ఇగ లేపెటోళ్ళు లేరు."

ఆయన నోరు తెరిచాడు. నర్సీ అందామనుకున్నాడు. ఆ పేరు గొంతుదాకా వచ్చింది. నాలుక మెలిపడింది. బయటికి వచ్చింది ఎప్పటి బూతే. కన్నీళ్ళు కారుతూ అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు.

"ఎరుకే," అంది ఆమె. "ఎరుకే తీ. కొట్టు. కొట్టి పైకి వో."

బూట్లు దగ్గరవుతున్నాయి. పైన మిగిలిన ఎత్తు ఎక్కాలంటే ఆయనకు కోపం కావాలి. దానిమీదే ఇంతదూరం వచ్చాడు. ఇప్పుడది వెతికినా లేదు. ఆమె ఎదురుచూస్తోంది. కురుమయ్య మోకాలు బిగించాడు, నడుము సరిచేసుకున్నాడు, బరువు రెండు కాళ్ళ మీదా వేసి కట్టె ఎత్తాడు. నిలిచాడు. ఏ ఆసరా లేకుండా, కట్టె గాలిలో ఉండగా, నిలిచాడు. బాలనర్సమ్మ కళ్ళు ఆ కాళ్ళ మీదే ఉన్నాయి.

కట్టె ఆమె భుజం మీద దిగింది. మందలోంచి వెనకబడిన గొర్రెను తట్టినంత మెల్లగా.

"పో," అంది.

కురుమయ్య ఎక్కాడు. వెనక ఒకే ఒక్క తుపాకి దెబ్బ, దగ్గరనుంచి పేలింది. ఆయన తిరగలేదు. తిరిగితే పడతాడు.

పైన బండల వెనక ఊరంతా ఉంది. వడిసెలలు తిరుగుతున్నాయి, పెద్ద బండలు దొర్లుతున్నాయి. కింద బూట్ల చప్పుడు ఆగి వెనక్కి మళ్ళింది. కురుమయ్య ఒక్కడే రావడం చూసి జనం నోరు వెళ్ళబెట్టారు. మల్లన్న ఎదురొచ్చి రెక్క పట్టుకోబోయాడు.

"నడిసినవారా కొడుకా! నర్సమ్మ యాడ?"

కురుమయ్య మూతి వంకర తిరిగింది. గొంతు నరాలు ఉబ్బాయి. బూతు వస్తుందనే అందరూ అనుకున్నారు.

"కొట్టిన," అన్నాడు.

కాలు పడిపోయాక ఆయన నోట వచ్చిన మొదటి మంచి మాట అది. సుగుణమ్మ గుండెలు బాదుకుంది. మల్లన్నకు ఇంకేమీ అర్థం కాలేదు. పిల్లవాడు దుఃఖంలో ఉన్నాడు, ఊరడించాలి అనుకున్నాడు. వీపు నిమిరాడు.

"కొడితే కొట్టినవ్ తీ కొడుకా. మొగోనివి. మొగోడు కొడితే తప్పేంది? ఆమె యాడున్నది, గది చెప్పు."

కురుమయ్య పెదనాయన చెయ్యి విదిలించుకున్నాడు. మోకాలు బిగించాడు. కట్టె లేపాడు. చలికాలమంతా దాచిన బలం, ఎండాకాలమంతా దాచిన బలం, బండ దగ్గర వాడకుండా తెచ్చుకున్న బలం అంతా ఎడమ చేతిలోకి వచ్చింది. కట్టె మల్లన్న భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు బండల మధ్య వినబడింది.

మల్లన్న పడ్డాడు. కురుమయ్య పడలేదు.